తీగ ఒకటైంది, మాట ఒకటి కాలేదు

2016 డిసెంబరు చివర్లో అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. నెలకు 149 రూపాయలు కడితే ఇంటర్నెట్, టీవీ ఛానెళ్లు, ల్యాండ్‌లైన్ ఫోన్ మూడూ ఒకే తీగ మీద ఇంటికి వస్తాయన్నది పథకం. ఏడాది తర్వాత, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగారు కాబట్టి ఖర్చు బాగా తగ్గింది. తెలంగాణ ఇదే పనికి ఇంకో దారి పట్టింది. మిషన్ భగీరథ మంచినీళ్ల పైపుల కోసం తవ్విన చోటే టీ-ఫైబర్ కేబుల్‌కూ గొట్టాలు వేసింది.

అంతకుముందు ఇంట్లోకి ఫోన్ కోసం బీఎస్ఎన్ఎల్ రాగి తీగ వచ్చేది, టీవీ కోసం కేబుల్ ఆపరేటర్ నల్ల వైరు వచ్చేది. బిల్లులు వేరు, లైన్‌మెన్లు వేరు, రిపేరు వస్తే మొత్తుకోవాల్సిన ఆఫీసులు వేరు. రాగి తీగ మనిషి గొంతును విద్యుత్ తరంగంగా మోసేది. కేబుల్ వైరులో ఒక్కో ఛానెల్‌కు ఒక్కో ఫ్రీక్వెన్సీ కేటాయించేవారు. ఒకదాని పని ఇంకోదానికి చేతకాదు. గొంతు, బొమ్మ, అక్షరం అన్నిటినీ అంకెలుగా మార్చి చిన్న చిన్న ప్యాకెట్లుగా పంపడం మొదలయ్యాక ఆ గోడ కూలిపోయింది. ప్యాకెట్‌లో ఉన్నది సీరియలా, అమ్మమ్మ ఫోన్ కాలా అన్నది తీగకు అనవసరం. కన్వర్జెన్స్, అంటే వేర్వేరు మాధ్యమాలు ఒకటిగా కలవడం అన్న మాటకు మొదటి అర్థం ఇదే.

ఇక్కడిదాకా తెలిసిన కథే. కానీ దీన్ని పట్టుకుని ‘అన్నీ ఒకటైపోతున్నాయి’ అని తేలిగ్గా అనేస్తుంటారు. అది సగమే నిజం. యంత్రాలు కలుస్తాయి, నిజమే. వాటి మీద జనం మాట్లాడుకునే తీరు మాత్రం కలవదు. ఏ ఛానెలైనా తన కొలతకు తగ్గట్టు మాటను కత్తిరిస్తుంది. పైగా రెండు దారులు కలిసిన ప్రతిచోటా గేటు దగ్గర కూర్చునే మనిషి మారిపోతాడు. తెలుగు రాష్ట్రాల్లో గత పాతికేళ్లలో జరిగినదాన్ని ఈ రెండు విషయాలు దృష్టిలో పెట్టుకుని చూస్తే చాలా సంగతులు తేటపడతాయి.

తీగ కంటే ముందు అక్షరం సంగతి చూడాలి, ఎందుకంటే తెలుగులో అసలు చిక్కు అక్కడే వచ్చింది. ప్రతి భాష అక్షరానికీ ఒక అంకె కేటాయించే ప్రపంచ ప్రమాణం యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగు అక్షరాలకు చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంట్ కూడా ఉంది. అయినా పత్రికలు, డీటీపీ సెంటర్లు, ప్రచురణకర్తలు చాలా ఏళ్లపాటు అను, శ్రీలిపి లాంటి ఫాంట్లనే నమ్ముకున్నారు. వీటి కిటుకు ఏమిటంటే, ఇంగ్లిష్ అక్షరాలకు ఉద్దేశించిన గడుల్లో తలకట్టు, గుడి, ఒత్తు లాంటి తెలుగు ముక్కలను కూర్చోబెట్టడం. కాగితం మీద అచ్చు అందంగానే వస్తుంది. అదే ఫైల్‌ను ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి.

పత్రికల వెబ్‌సైట్లదీ అదే కథ. ఈనాడు లాంటి పెద్ద పత్రిక సైట్ కూడా చాలాకాలం తన సొంత ఫాంట్‌తోనే నడిచింది. తెర మీద తెలుగు కనిపించేది కానీ సెర్చ్ ఇంజిన్‌కు అది తెలుగని తెలియదు. అంటే వార్త ఇంటర్నెట్‌లో ఉన్నా ఇంటర్నెట్‌లో భాగం కాలేదు. ఆ గోడను మొదట బద్దలు కొట్టింది పెద్ద సంస్థలు కావు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లు, లేఖిని లాంటి ఉచిత టైపింగ్ పరికరాలు తయారుచేసినవాళ్లు, పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాములు రాసిన ఔత్సాహికులు కలిసి ఆ పని చేశారు. వాళ్లలో చాలామందిది ఉద్యోగం వేరు, ఈ పని రాత్రిపూట వ్యాపకం. తెలుగు కన్వర్జెన్స్ చరిత్ర ఎవరైనా సరిగ్గా రాస్తే మొదటి అధ్యాయం వాళ్లకే ఇవ్వాలి.

పాత ఫాంట్ల ప్రభావం ఇప్పటికీ పోలేదు. తెలుగు వార్త వాట్సాప్‌లో అక్షరాలుగా కంటే పేపర్ క్లిప్పింగ్ బొమ్మగా తిరిగే అలవాటు వెనుక పేజీని బొమ్మగా చూపించే ఆ రోజుల ఈ-పేపర్ ఉంది. బొమ్మలోని మాటలను వెతకడం కష్టం, సరిచూడటం ఇంకా కష్టం. ఒక పేరున్న పత్రిక తల పెట్టి, కింద ఇష్టమొచ్చింది రాసి నకిలీ క్లిప్పింగ్ తయారుచేయడం మాత్రం సులువు. ఎన్నికలప్పుడు ‘ఆ వార్త మాది కాదు’ అని పత్రికలు వివరణ ఇచ్చుకోవాల్సిన స్థితికి ఇదీ ఒక కారణం.

అక్షరం కలిశాక కూడా వింతలు ఆగలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’తో కూడిన ఒక తెలుగు అక్షరాల కూర్పు మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ వెంటనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. కారణం చిన్నదే. ఒత్తులు, అక్షరాల మధ్య కనిపించని గుర్తులు ఒక ప్రత్యేక వరుసలో వస్తే వాటిని తెర మీద ఎలా గీయాలో ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియలేదు. కోట్లమంది రాసే లిపిని ప్రపంచంలోని ఖరీదైన ఫోన్లలో ఒకటి సరిగ్గా చదవలేకపోయిందంటే, ‘అన్ని భాషలూ ఒకే వేదిక మీదికి వచ్చేశాయి’ అన్న మాటను ఎంతవరకు నమ్మాలో ఆలోచించుకోవచ్చు.

ఛానెల్ కొలత మాటను ఎలా మారుస్తుందో చూడటానికి ఎస్ఎంఎస్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తే ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో రాస్తే 70 మాత్రమే. ఆ 70లో కూడా ప్రతి గుణింతపు గుర్తునూ, పొల్లునూ విడిగా లెక్కేస్తారు. నమస్కారం అని రాస్తేనే 8 అయిపోతాయి. దానికితోడు అప్పటి చాలా ఫోన్లలో తెలుగు కీబోర్డే లేదు. ఫలితంగా ఒక తరం మొత్తం తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం నేర్చుకుంది. దీన్ని భాషాభిమానం లేకపోవడంగా చూసి తిట్టినవాళ్లు ఎక్కువ. నిజానికి అందులో సగం లెక్కల వ్యవహారం. రెండు మెసేజ్‌ల డబ్బులు పెట్టి తెలుగు లిపిలో రాయడమా, ఒక దాంతో సరిపెట్టుకోవడమా అన్నది ప్రశ్న. కీబోర్డులు వచ్చాక, లెక్క పోయాక కూడా ఆ అలవాటు మాత్రం పోలేదు. ఇప్పటికీ యూట్యూబ్ వీడియోల కింద కనిపించే తెలుగులో ఇంగ్లిష్ అక్షరాల వాటా చాలా పెద్దది.

2011 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, టెలీమార్కెటింగ్ బెడద తగ్గించడానికని, ఒక సిమ్ నుంచి రోజుకు 100 ఎస్ఎంఎస్‌లకు మించి పంపకూడదని పరిమితి పెట్టింది. తర్వాత దాన్ని 200 చేసింది. అప్పటికే కంప్యూటర్ నుంచి ఉచితంగా ఎస్ఎంఎస్ పంపించే హైదరాబాద్ కంపెనీ వే2ఎస్ఎంఎస్ కాలేజీ పిల్లల్లో బాగా పేరు తెచ్చుకుంది. వాట్సాప్ వచ్చి ఎస్ఎంఎస్ అవసరాన్నే తగ్గించేశాక అదే సంస్థ వే2న్యూస్‌గా మారి, ఫోన్ తెరకు సరిపోయేంత చిన్న వార్తలను అందించడం మొదలుపెట్టింది. సందేశం పంపే కంపెనీ పత్రికగా మారడం అంతకుముందు ఊహకు అందని విషయం. వార్త రూపం కూడా దాంతో మారింది. మండల విలేఖరి పంపిన అర పేజీ వార్త నాలుగైదు వాక్యాలైంది. రోడ్డు ప్రమాదం, కరెంటు కోత, మార్కెట్ ధర లాంటివి ఆ కొలతలో చక్కగా ఇమిడిపోతాయి. భూసేకరణ వివాదం ఇమడదు. ఇమడనిది రాయడం క్రమంగా తగ్గిపోతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, తెర పొడవు చాలు.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక డేటా ధర పడిపోయింది. ఆ తర్వాత కొలత అక్షరాల నుంచి సెకన్లకు మారింది. టైప్ చేయడం ఇబ్బందిగా ఉన్నవాళ్లకు వాయిస్ మెసేజ్, వీడియో కాల్ దారి చూపించాయి. గల్ఫ్‌లో పనిచేసే కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల కార్మికుల ఇళ్లలో ఈ మార్పు అన్నిటికంటే లోతుగా కనిపిస్తుంది. ఐఎస్‌డీ బూత్ దగ్గర నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడిన ఇళ్లలో ఇప్పుడు వీడియో కాల్ అలా నడుస్తూనే ఉంటుంది, వంట చేసుకుంటూ మధ్యలో ఒక మాట అంటుంటారు. అమెరికాలోని తెలుగువాళ్లు దీని ఇంకో కొసను ముందే చూశారు. ఉదయ్ రెడ్డి 2006లో స్థాపించిన యప్‌టీవీ లాంటి సేవలతో, డిష్ యాంటెన్నా అక్కర్లేకుండా ఇంటర్నెట్ మీదే తెలుగు ఛానెళ్లు చూశారు. ఇక్కడ జనం కేబుల్ వైరుకు కట్టుబడి ఉన్న రోజుల్లోనే వాళ్లకు టీవీ, ఇంటర్నెట్ ఒకటైపోయాయి.

మాట యాస మారిన తీరు మరీ ఆసక్తికరం. తెలుగు టీవీలో చాలాకాలం యాంకర్ అంటే కోస్తా జిల్లాల ‘ప్రామాణిక’ భాష మాట్లాడాల్సిందే. తెలంగాణ యాస కామెడీ పాత్రకో, విలన్‌కో మిగిలేది. 2012లో వచ్చిన వీ6 ఛానెల్ తీన్మార్ వార్తలతో ఆ యాసలో వార్తలే చదివించింది. అదే ఏడాది ఇప్పటి జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో యూట్యూబ్‌లో మొదలైంది. టీవీ లైసెన్సు లేదు, స్టూడియో లేదు, హైదరాబాద్‌లో ఎవరి అనుమతీ అడగలేదు. ఊరి మాట ఊరి మాటలాగే వినిపించింది. అందులో కనిపించిన గంగవ్వ 2020లో బిగ్ బాస్ తెలుగు నాలుగో సీజన్‌కు వెళ్లారు, సినిమాల్లోనూ నటించారు. బిగ్ బాస్ ఇంట్లో ఎక్కువ కాలం ఉండలేక ఆరోగ్యం బాగాలేదని మధ్యలోనే బయటకు వచ్చేశారు.

ఈ దారిని గమనించాలి. యూట్యూబ్ నుంచి టీవీకి, టీవీ నుంచి సినిమాకు, అక్కడి నుంచి మళ్లీ యూట్యూబ్‌కు ఒకే మనిషి తిరుగుతున్నారు. పాత మాధ్యమం పోలేదు. కొత్తదానిలో పేరు తెచ్చుకున్నవాళ్లను తెచ్చుకుని బతుకుతోంది. తెలుగు న్యూస్ ఛానెళ్లు కూడా కేబుల్‌లో వచ్చే ప్రసారాన్నే యూట్యూబ్‌లో లైవ్‌గా ఉచితంగా ఇస్తున్నాయి. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త టారిఫ్ అమల్లోకి వచ్చి, వంద ఛానెళ్ల కనీస చార్జీయే పన్ను కాకుండా 130 రూపాయలు అయ్యాక, ‘ఫోన్‌లో ఊరికే వచ్చేదానికి డబ్బులెందుకు’ అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. ఇక ఓటీటీ, సినిమాల సంగతి విడిగా రాయాల్సినంత ఉంది. 2020లో కేవలం తెలుగు కోసం ఆహా మొదలైందని, థియేటర్లు మూతపడిన ఆ ఏడాదే ఇంట్లో కొత్త సినిమా చూడటం మామూలైపోయిందని గుర్తు చేసుకుంటే ఇక్కడికి చాలు.

గేటు ఎవరి చేతిలోకి పోయిందన్నది ఇక్కడే తెలుస్తుంది. లంబాడిపల్లికి హైదరాబాద్ ఎడిటర్ గేటు తెరుచుకోనక్కర లేకపోయింది, అది గొప్ప విషయం. కానీ ఏ వీడియో ఎంతమందికి చూపించాలో నిర్ణయించే అల్గారిథమ్ గేటు దాని ముందుకు వచ్చింది. ఎడిటర్‌తో గొడవ పడొచ్చు, ఉత్తరం రాయొచ్చు, వేరే పత్రికకు పోవచ్చు. దీనితో మాట్లాడటానికి మనిషే ఉండడు. థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణాలు, నోరు తెరిచిన ముఖాలు, ‘షాకింగ్’ అనే మాట పెట్టకపోతే వీడియో కదలదన్న సూత్రాన్ని తెలుగు ఛానెళ్లు అలాగే నేర్చుకున్నాయి. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు, లక్షల ఫాలోవర్లున్నవాళ్లకు రాత్రికి రాత్రే ఏమీ మిగల్లేదు. కొద్ది నెలల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ ఆ ఖాళీని ఆక్రమించాయి. నిలువు వీడియో అలవాటు యాప్‌తో పోలేదు, యజమాని మాత్రమే మారాడు.

కొత్త ఛానెల్ చేసిన గాయానికి పాత ఛానెల్ మందు వేసిన సందర్భం ఒకటి ఉంది. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు, పార్థీ గ్యాంగులు తిరుగుతున్నాయని రెండు రాష్ట్రాల్లో వాట్సాప్ పుకార్లు కార్చిచ్చులా పాకాయి. దేశమంతా తిరిగిన ఒక వీడియో అయితే కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం, చివర్లో విషయం చెప్పే భాగాన్ని కత్తిరించేశారు. అపరిచితులు కనిపిస్తే చాలు ఊళ్లు మీదపడ్డాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది.

అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ట్విటర్‌లో ఖండన పెట్టి ఊరుకోలేదు. ఊరికొక కానిస్టేబుల్‌ను బాధ్యుడిగా పెట్టారు, వాళ్లను ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించారు. దాంతోపాటు జానపద కళాకారులను పిలిచి పాటలు కట్టించి ఊళ్లలో పాడించారు, డప్పు చాటింపు వేయించారు. ఆమె పరిధిలోని దాదాపు 400 గ్రామాల్లో పుకార్ల వల్ల ప్రాణనష్టం జరగలేదు. పుకారు ఫోన్‌లో ఒక్కొక్కరికి విడివిడిగా, తెలిసినవాళ్ల పేరుతో వచ్చింది. ఎవరికివాళ్లు నమ్మారు. డప్పు మాట అందరూ ఒక్కచోట, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ విన్నారు. ఫలానావాడు కూడా విన్నాడని ప్రతివాడికీ తెలుసు. సమాచారం రెండింటిలోనూ ఉంది, తేడా అంతా అది చేరిన తీరులో ఉంది. అదే ఏడాది జులైలో వాట్సాప్ భారత్‌లో ఒక మెసేజ్‌ను ఒకేసారి 5 చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌లకు దాన్ని ఒకటికి కుదించింది. ఒక కంపెనీ తన యాప్‌లో ఒక అంకె మారిస్తే కోట్లమంది మాట్లాడుకునే వేగం మారుతుందన్నమాట. ఆ నిర్ణయం మంచిదే కావచ్చు. అయినా అంత అధికారం ఏ చట్టసభా ఇచ్చింది కాదు.

ప్రభుత్వం కూడా అదే యాప్‌లోకి వచ్చి చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో ఈసేవ కేంద్రాలు వచ్చినప్పుడు కరెంటు బిల్లు, నీటి బిల్లు, పన్నులు ఒకే కౌంటర్లో కట్టడం పెద్ద విశేషం. 2011లో మీసేవ వచ్చి సర్టిఫికెట్లను ఊళ్లకు దగ్గర చేసింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్ యజమాని మెటా సంస్థతో కలిసి ‘మన మిత్ర’ పేరుతో మొదటి విడతగా 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. హాల్ టికెట్లు, బిల్లులు, ధ్రువపత్రాలు అన్నీ చాట్‌లోనే. సెలవు పెట్టి, బస్సెక్కి, క్యూలో నిలబడే ఖర్చు తప్పడం చిన్న లాభం కాదు. కూలికి పోయేవాళ్లకు అది ఒక రోజు కూలి.

అయితే మీసేవ కౌంటర్ అవతల ఒక ఆపరేటర్ ఉండేవాడు. కాగితం తప్పుగా ఉంటే ‘తండ్రి పేరు ఆధార్‌లో ఇలా లేదు’ అని చెప్పేవాడు. పది రూపాయలు ఎక్కువ తీసుకున్నా దారి చూపేవాడు. చాట్‌లో ఆ పని ఇంట్లో చదువుకున్న పిల్లల మీద పడుతుంది. పెద్దవాళ్ల ఆస్తి పన్ను, పెన్షన్ వివరాలన్నీ మనవడి ఫోన్‌లో ఉన్న ఇళ్లు ఇప్పుడు కొత్తేమీ కాదు. సైబర్ మోసగాళ్లు సరిగ్గా ఈ సందులోనే దూరారు. ప్రభుత్వ సేవ, బ్యాంకు, చుట్టాల గ్రూపు ఒకే తెర మీద ఒకేలా కనిపించేటప్పుడు, ట్రాఫిక్ చలాన్ పేరుతోనో పీఎం కిసాన్ పేరుతోనో వచ్చిన ఏపీకే ఫైల్‌ను (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైల్) నొక్కడానికి ఎక్కువ ఆలోచన పట్టదు. పాత రోజుల్లో ఆఫీసు భవనం, స్టాంపు, సంతకం నకిలీ చేయాలంటే కష్టం. ఇప్పుడు ప్రొఫైల్ బొమ్మ మారిస్తే చాలు. 1930 హెల్ప్‌లైన్‌కు ఎంత త్వరగా ఫోన్ చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ అని పోలీసులు పదేపదే చెబుతున్నది అందుకే. అన్నీ ఒకే సిమ్‌కు ముడిపడటం వల్ల వచ్చిన సౌకర్యమూ, వచ్చిన టెన్షనూ రెండూ ఒకే కారణం నుంచి పుట్టాయి.

చట్టం ఈ మొత్తానికి వెనుకబడి నడుస్తోంది. విచిత్రం ఏమిటంటే, ఆలోచన మాత్రం ముందే వచ్చింది. టెలికాం, ప్రసారాలు, ఇంటర్నెట్ అన్నిటికీ ఒకే నియంత్రణ సంస్థ ఉండాలంటూ కమ్యూనికేషన్ కన్వర్జెన్స్ బిల్లును 2001 ఆగస్టులోనే లోక్‌సభలో పెట్టారు. అప్పటికి దేశంలో స్మార్ట్‌ఫోన్ జనం చేతికి రాలేదు, యూట్యూబ్ పుట్టలేదు. ఆ బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. దాంతో కేబుల్ ఛానెల్‌కు 1995 నాటి కేబుల్ టీవీ చట్టం, ఫోన్ కంపెనీకి 2023 టెలికాం చట్టం, ఓటీటీకీ డిజిటల్ వార్తలకూ 2000 నాటి ఐటీ చట్టం కింద తెచ్చిన 2021 నిబంధనలు వర్తిస్తున్నాయి. ఒకే వార్త బులెటిన్ కేబుల్‌లో ఒక చట్టం కింద, ఫోన్‌లో ఇంకో చట్టం కింద ప్రసారమవుతోంది. ఆ 2021 నిబంధనల్లోనే, ఒక మెసేజ్‌ను మొదట పంపింది ఎవరో చెప్పగలగాలన్న షరతు ఉంది. సంభాషణ మొత్తం పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేనట్టు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి అది కుదరదంటూ వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

ప్రసార సేవలన్నిటికీ ఒకే చట్టం తేవాలని 2023 నవంబరులో కేంద్ర సమాచార, ప్రసార శాఖ కొత్త ముసాయిదా బయటపెట్టింది. 2024లో దాని సవరించిన ప్రతి కొద్దిమంది చేతికి వచ్చాక, యూట్యూబ్‌లో ఒంటరిగా వార్తా విశ్లేషణ చేసేవాళ్లను కూడా ప్రసార సంస్థల్లా రిజిస్టర్ చేసుకోమంటారేమోనన్న ఆందోళన బయల్దేరింది. ఆగస్టులో శాఖ ఆ ప్రతులను వెనక్కి తీసుకుంది. పెద్ద ఛానెల్‌కు న్యాయ సలహాదారులు ఉంటారు, ఫిర్యాదులు చూసే అధికారిని పెట్టుకునే స్తోమత ఉంటుంది. మండల కేంద్రంలో ఒక ఫోన్, ఒక మైకుతో నడిచే ఛానెల్‌కు అవేవీ ఉండవు. రెండింటికీ ఒకే నిబంధన పెడితే మిగిలేది ఏదో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఎంతమంది చూస్తున్నారు, ఎంత ఆదాయం వస్తోంది అన్నదాన్ని బట్టి బాధ్యతను మెట్లుగా విడగొట్టడం ఒక దారి. సోషల్ మీడియా సంస్థల విషయంలో 50 లక్షల యూజర్ల గీత గీసి 2021 నిబంధనలు ఇప్పటికే ఆ పని చేశాయి. అలాంటి గీత చిన్న వార్తా ఛానెళ్లకు ఎక్కడ గీస్తారన్నది తర్వాతి ముసాయిదాలో చూడాల్సిన మొదటి విషయం.